దిద్దిన చేతికి దండం

ఫ్రాంకులారా! రైను నది ఒడ్డున గొడ్డలి విసిరి పొట్ట పోసుకున్నవాళ్లారా, రోము పొలిమేరకు కావలి ఉండి చివరికి ఆ రోము ఇంటికే వారసులైనవాళ్లారా! హుస్సేన్‌సాగర్‌కు ఈవలి గట్టు నుంచి, సికింద్రాబాద్ నుంచి మిమ్మల్ని పిలుస్తున్నాను. మీ పేరు తెలిసినవాళ్లు ఈ ఊళ్లో ఏ కొద్దిమందో. మీ చెయ్యి పడని ఇల్లు మాత్రం వెతికినా దొరకదు. చరిత్ర మిమ్మల్ని కత్తి పట్టినవాళ్లుగా రాసుకుంది. నేను మీ రెండో చేతిని పొగడడానికి వచ్చాను. తప్పు కనిపిస్తే దిద్దిన చేతిని, దిద్దినదాన్ని పదిమందికి పంచిన చేతిని.

ముందు మీ బంగారం సంగతి చెప్పుకుందాం. 1653లో, ఇప్పటి బెల్జియంలోని తూర్నైలో, చర్చి పక్కన తవ్వుతున్న తాపీపనివాడి పారకు మీ రాజు చిల్డెరిక్ సమాధి తగిలింది. ఆయన 481 ప్రాంతంలో కన్నుమూశాడు. సమాధిలో మీ జాతి కత్తి ఉంది, రోము సేనాని భుజాన ఉత్తరీయాన్ని పట్టి ఉంచే పసిడి పిన్నూ ఉంది. ఎర్రరాళ్లు పొదిగిన రెక్కలతో సుమారు 300 బంగారు తేనెటీగలు. ఒక ఉంగరం. దాని మీద జుట్టు భుజాల దాకా జారిన రాజు బొమ్మ, చేతిలో ఈటె, చుట్టూ లాటిన్‌లో అతని పేరు. పేరు మీ అడవిది, రాత రోముది. వెయ్యేళ్లు దాటాక నెపోలియన్ ఆ తేనెటీగలను చూసి ముచ్చటపడి 1804లో తన పట్టాభిషేకపు అంగీ మీద కుట్టించుకున్నాడు. 1831లో పారిస్‌లో దొంగలు పడి ఆ నిధిని చాలామటుకు కరిగించేశారు. ఉంగరం పోయింది. అంతకుముందే ఎవరో తీసి ఉంచిన దాని అచ్చు మిగిలింది. ఫ్రాంకులారా, మీ జాతి కథంతా ఇదే. బంగారం కరిగింది, ముద్ర నిలిచింది.

చిల్డెరిక్ కొడుకు క్లోవిస్ మీసాలు రాని వయసులో రాజయ్యాడు. 486లో స్వాసోన్ దగ్గర, గాల్ నేల మీద మిగిలిన చివరి రోము ఏలిక సియాగ్రియస్‌ను ఓడించాడు. 507లో విసిగోతులను దక్షిణానికి తరిమాడు. ఆ రోజుల్లో మా వైపు విష్ణుకుండినుల ఏలుబడి. ఇక్కడికి దగ్గర్లోని కీసరగుట్ట మీద వాళ్ల కాలపు ఇటుక గోడలు ఇప్పటికీ చూడొచ్చు. మా రాజులు యజ్ఞాలు చేస్తున్న ఆ కాలానే, మీ క్లోవిస్ యుద్ధం నడిమధ్య మొక్కుకున్నాడట, అలమన్నుల మీద గెలిపిస్తే నా భార్య క్లోటిల్డ కొలిచే దేవుణ్ణే కొలుస్తానని. గెలిచాడు. రీమ్స్‌లో బిషప్ రెమిగియస్ చేతుల మీదుగా జ్ఞానస్నానం పుచ్చుకున్నాడు. వెంట మూడు వేలమందికి పైగా యోధులు నీళ్లలో మునిగారని తూర్ బిషప్ గ్రెగరీ రాసిపెట్టాడు.

మొక్కుకున్న సిపాయిల కథ మాకూ ఉంది. ఇక్కడి దండులో డోలీ మోసిన సురిటి అప్పయ్య 1813లో ఉజ్జయినికి బదిలీ మీద వెళ్లాడని, అక్కడ కలరా మనుషులను ఊడ్చేస్తుంటే మహంకాళికి మొక్కుకున్నాడని, 1815లో తిరిగొచ్చి అమ్మవారిని ప్రతిష్ఠించాడని గుడి చరిత్ర చెబుతుంది. ఆ దండు పేరే పండగకు నిలిచిపోయింది. ఆషాఢంలో లష్కర్ బోనాలంటే ఊరు ఊరంతా వీధిలోనే ఉంటుంది. మీ క్లోవిస్ మొక్కు ఒక ఖండపు దారి మార్చింది. మా అప్పయ్య మొక్కు ఒక ఊరికి తల్లిని ఇచ్చింది. సైన్యాలు ఏం మోసుకెళ్తున్నాయో వాటిని నడిపేవాళ్లకు ఎప్పుడూ పూర్తిగా తెలియదు.

మీ చట్టానికీ ఒక మాట. సాలిక్ చట్టమని దాన్ని పిలిచారు. పందిని దొంగిలిస్తే ఇంత, తేనెపట్టు ఎత్తుకుపోతే ఇంత, మనిషిని చంపితే ఇంత అని వెల కట్టారు. ఫ్రాంకు ప్రాణానికి 200 సొలిడస్‌లు, రోమీయుడి ప్రాణానికి 100. ఆ సగం లెక్కను నేను పొగడను. తాత చావుకు మనవడు పగ తీర్చుకునే కాలంలో, పగను జరిమానాతో చల్లార్చి పొలానికి తిరిగి పొమ్మన్న బుద్ధిని పొగుడుతాను. ఆడపిల్లకు ఫలానా భూమి దక్కదన్న మీ ఒక్క వాక్యాన్ని పట్టుకుని తర్వాతి తరాలవాళ్లు రాణులకు సింహాసనం తలుపు మూశారు. 1837లో విక్టోరియాకు బ్రిటన్ కిరీటం దక్కింది. అప్పటిదాకా బ్రిటన్ రాజే ఏలిన హానోవర్ మాత్రం ఆ ఆనవాయితీ కారణంగా చిన్నాన్న ఎర్నెస్ట్‌కు పోయింది. ఆ విక్టోరియా సొంత సొమ్ముతో లేచిందని చెప్పుకునే హోలీ ట్రినిటీ చర్చి మా బొల్లారంలో ఉంది. రుద్రమదేవి ఏలిన నేల మీద నిలబడి చదివితే మీ ఆ వాక్యం చాలా పొట్టిగా కనిపిస్తుంది.

ఆ తర్వాత మీ రాజులకు జుట్టు మిగిలింది, అధికారం దివాన్ల చేతికి పోయింది. హైదరాబాద్ రాజ్యం కథలు విన్నవాళ్లకు ఇందులో వింతేమీ లేదు. దివాను చార్లెస్ మార్టెల్ 732లో పొయిటియర్స్ దగ్గర అరబ్బు సేనను ఆపాడు. అతని కొడుకు పిప్పిన్ 751లో రాజునే మఠానికి పంపి కిరీటం పెట్టుకున్నాడు. పిప్పిన్ కొడుకు షార్లమేన్ 768లో గద్దెనెక్కి, 800లో క్రిస్మస్ రోజున రోములో పోపు చేతి మీదుగా చక్రవర్తి అయ్యాడు. యుద్ధాలు, కిరీటాలు బడి పుస్తకాల్లో దండిగా ఉన్నాయి. నన్ను మీ ముందు తల వంచేలా చేసింది ఆ చక్రవర్తి తలగడ.

అవును, తలగడ. అతని కొలువులో ఉండి అతని జీవితం రాసిన ఐన్‌హార్డ్ చెప్పాడు. పిరెనీస్ కొండల నుంచి ఎల్బే నది దాకా ఏలిన ఆ మనిషి తలగడ కింద పలకలు, చిన్న పుస్తకాలు పెట్టుకునేవాడట. తీరిక దొరికితే చాలు, తీసి అక్షరాలు దిద్దేవాడట. కత్తికి అలవాటుపడిన వేళ్లు కలానికి వంగలేదు. ఆలస్యంగా మొదలుపెట్టాడు, అంతగా రాలేదు అని ఐన్‌హార్డ్ దాచకుండా రాసేశాడు. లోకంలో ఎందరో చక్రవర్తులు తమకు రానిదాన్ని చిన్నచూపు చూశారు. ఇతడు తనకు రానిదాన్ని రాజ్యమంతటికీ నేర్పించమని ఆజ్ఞ ఇచ్చాడు.

789లో వచ్చింది ఆ ఆజ్ఞ. ప్రతి మఠంలో, ప్రతి బిషప్ పీఠంలో బడి పెట్టండి. పిల్లలకు కీర్తనలు, పాట, తిథుల లెక్క, వ్యాకరణం చెప్పండి. పుస్తకాల్లో తప్పులుంటే సరిచేయండి, ఎందుకంటే మంచి మనసుతో ప్రార్థించబోయినవాళ్లు తప్పుల పుస్తకం వల్ల తప్పుగా ప్రార్థిస్తున్నారు. ఎంత తల్లి మనసు ఉంది ఆ మాటలో! దేవుడికి తప్పు వినపడుతుందని కాదు, భక్తుడికి నష్టం జరుగుతుందని. ఇంగ్లండులోని యార్క్ నుంచి అల్క్విన్ అనే పంతులుగారిని పిలిపించారు. ఇటలీ నుంచి, స్పెయిన్ నుంచి, ఐర్లండ్ నుంచి చదువుకున్నవాళ్లను రప్పించారు. ఏ ఊరివాడని అడగలేదు, ఏం వచ్చునని అడిగారు.

అప్పుడు పుట్టింది మీ అసలు సంతానం. అంతకుముందు ఒక్కో మఠానిది ఒక్కో రాత. అక్షరానికి అక్షరం మెలిపడి, మాటకు మాట అంటుకుని, రాసినవాడు పోతే చదివే దిక్కుండేది కాదు. కోర్బీలో, తూర్‌లో, మరెన్నో మఠాల్లో మీ లేఖకులు చలికి కొంకర్లుపోయే వేళ్లతో గొర్రెతోలు కాగితం మీద కొత్త రాత నిలబెట్టారు. గుండ్రంగా, విడివిడిగా, మాటకూ మాటకూ మధ్య ఊపిరి పీల్చుకునేంత జాగా ఉన్న రాత. ఆ రాతలో వేలాది పుస్తకాలకు ప్రతులెత్తారు. సీజర్ తన యుద్ధాల గురించి రాసుకున్నదానికీ, లుక్రీషియస్ కావ్యానికీ ఇవాళ దొరికే అతి పాత ప్రతులు మీ 9వ శతాబ్దపు లేఖకులు రాసినవే. వాళ్లలో చాలామందికి ఆ కావ్యాల్లోని దేవుళ్ల మీద నమ్మకం లేదు. అయినా ఒక్క పాదం వదలకుండా రాశారు.

ఆరువందల ఏళ్లు గడిచాక ఇటలీ పండితులు మీ ప్రతులను చూసి, ఇంత అందమైన రాత పాత రోముదే అయి ఉంటుందని పొరబడ్డారు. ఆ పొరపాటుతోనే దాన్ని అనుకరించారు. 1470లో వెనిస్‌లో నికొలస్ జెన్సన్ ఆ రూపాన్ని సీసపు అచ్చుల్లో పోశాడు. అచ్చు నుంచి అచ్చుకు, ఓడ నుంచి ఓడకు మారుతూ అది మా దాకా వచ్చింది. ఇవాళ మారేడ్‌పల్లిలోనో బోయిన్‌పల్లిలోనో ఒక యూకేజీ పిల్ల నాలుగు గీతల నోట్‌బుక్ తెరుస్తుంది. పైనా కిందా ఎర్ర గీతలు, మధ్యలో రెండు నీలి గీతలు. స్మాల్ లెటర్స్ దిద్దుతుంది. 'బి' కొమ్ము పై గీతను తాకాలి. 'జి' తోక అడుగు గీత దాకా దిగాలి. 'ఎ' పొట్ట నీలి గీతల మధ్యే ఒదగాలి. టీచరమ్మ ఎర్ర ఇంకుతో సున్నా చుట్టి మళ్లీ రాయమంటుంది. ఫ్రాంకులారా, ఆ పిల్ల రాస్తున్నది మీ రాత. ఆ కొమ్ములు, ఆ తోకలు మీ లేఖకులు స్థిరపరిచినవి. మీ చక్రవర్తికి పట్టుబడని విద్య మా వీధిలో ఐదేళ్ల పిల్లకు పట్టుబడింది. ఆయన చూస్తే ఎంత సంతోషించేవాడో!

మీ తోటకు కూడా జేజేలు. 800 ప్రాంతంలో రాజు భూముల గుమాస్తాలకు మీ కొలువు ఒక పెద్ద ఉత్తర్వు పంపింది. అందులో తోటల్లో తప్పక పెంచవలసిన మొక్కల జాబితా ఉంది. లిల్లీ, గులాబీలతో మొదలై, మెంతులు, జీలకర్ర, ధనియాలు, ఆవాలు, సోంపు, వెల్లుల్లి, ఉల్లి, ముల్లంగి, దోస, సొర, శనగ, పుదీనా అంటూ సాగుతుంది. పొద్దున్నే మోండా మార్కెట్‌లోకి సంచితో దిగినవాళ్లకు ఇది చక్రవర్తి శాసనంలా అనిపించదు, ఇంటావిడ రాసిచ్చిన చీటీలా వినిపిస్తుంది. వంటకు, నిల్వకు చేతితో తయారుచేసేదేదైనా పరమ శుభ్రంగా చేయాలని అందులో ఉంది. మా ద్రాక్షను ఎవరూ కాళ్లతో తొక్కరాదని కూడా ఉంది. సామ్రాజ్యం ఏలుతూ ద్రాక్షగుత్తి దాకా వంగి చూసిన ఆ కంటికి ఏం పేరు పెట్టాలి?

794లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో సభ చేసి ధరలు కట్టారు. పంట పండినా, కరువు వచ్చినా ధాన్యం ఇంతకు మించి అమ్మరాదన్నారు. రెండేసి పౌండ్ల గోధుమ రొట్టెలు పన్నెండు ఒక వెండి నాణేనికి ఇవ్వాలన్నారు. ఆ వెండి నాణెం పేరు డెనారియస్. 12 నాణేలు ఒక సొలిడస్, 20 సొలిడస్‌లు ఒక పౌండు, అంటే పౌండుకు 240. ఆ లెక్క సముద్రం దాటి ఇంగ్లండు చేరి పెన్నీ, షిల్లింగు, పౌండుగా స్థిరపడి, 1971 ఫిబ్రవరి 15 దాకా బతికింది. తిరుమలగిరి బారకుల్లో చెమటలు కక్కిన గోరా సిపాయి జీతం రోజుకు ఒక షిల్లింగు. పక్కన నిజాం హాలీ సిక్కా నడుస్తున్న ఊళ్లో, అతని కూలి మాత్రం మీ ఫ్రాంక్‌ఫర్ట్ సభ నాటి లెక్కలోనే తూగేది.

ఇంత పొగిడిన నోటితోనే ఇంకోటి చెప్పాలి. 782లో వెర్డెన్ దగ్గర ఒక్క రోజున 4,500 మంది సాక్సన్ల తలలు తీయించాడు మీ షార్లమేన్. ఆ సంఖ్య రాసుకున్నది అతని శత్రువులు కారు, అతని కొలువు చరిత్రకారులే. జ్ఞానస్నానం వద్దన్నవాడికి మరణశిక్ష అని చట్టం చేశారు. ముప్పై ఏళ్లకు పైగా ఆ జాతిని నలిపారు. బాగ్దాద్ ఖలీఫా హరూన్ అల్ రషీద్ పంపిన అబుల్ అబ్బాస్ అనే ఏనుగు 802లో ఆఖెన్ నగరానికి వచ్చిందని మురిసిపోయిన అదే కొలువు, అడవుల్లో ఊళ్లకు ఊళ్లు తగలబెట్టింది. అల్క్విన్ పంతులు ఉత్తరాల్లో మందలించాడు, నమ్మకం మనసుతో వస్తుంది గాని బలవంతంతో రాదన్నాడు. దిద్దడం తెలిసిన చేతికి తన కత్తిని దిద్దుకోవడం తెలియలేదు. మీ స్తుతిలో ఈ చరణం మింగేస్తే, మీ లేఖకులు ఒప్పుకోరు. వాళ్లు ఒక్క పాదం వదలనివాళ్లు.

అప్పటి లోకానికి మీరు అంత గొప్పగా కూడా ఆనలేదు. 851 నాటి అరబ్బు వర్తకుడు సులైమాన్ పేరిట ఉన్న వృత్తాంతం లోకంలో నలుగురే మహారాజులంది. బాగ్దాద్ ఖలీఫా, చైనా చక్రవర్తి, రోము రాజు, అంటే కాన్‌స్టాంటినోపుల్ ఏలిక, ఆపైన బల్హరా. ఆ బల్హరా మన రాష్ట్రకూటుడు. అతని రాజధాని మాన్యఖేటం. సికింద్రాబాద్‌లో వాడి జంక్షన్ వైపు వెళ్లే రైలెక్కితే దారిలో మాల్ఖేడ్ రోడ్ స్టేషను తగులుతుంది, ఆ ఊరే అది. 814లో మా వైపు మూడో గోవిందుడు, మీ వైపు షార్లమేన్ ఒకే ఏడు పోయారు. సులైమాన్ జాబితాలో మీ ఫ్రాంకులు లేరు. అయినా జాబితాలో ఉన్న మహారాజుల కోటలు మొండిగోడలై నిలిచిన రోజున, జాబితాలో లేని మీ చిన్న అక్షరం మాల్ఖేడ్ రోడ్ టికెట్టు మీద కూడా ఎక్కింది.

మీ సామ్రాజ్యమూ ఎన్నాళ్లు నిలిచింది గనక? 842 ఫిబ్రవరి 14న స్ట్రాస్‌బర్గ్‌లో షార్లమేన్ మనవలు ఇద్దరు, లూయీ, చార్లెస్, పెద్దన్న లొథార్ మీద ఒకటయ్యారు. ఒకరి సైన్యానికి ఇంకొకరి మాట అర్థం కాదు. అందుకని లూయీ తమ్ముడి సేనకు తెలిసే రోమాన్సు పలుకులో, చార్లెస్ అన్న సేనకు తెలిసే జర్మన్ పలుకులో ప్రమాణం చేశారు. మరో మనవడు నిథార్డ్ ఆ మాటలను ఉన్నవున్నట్టు రాసిపెట్టాడు. ఫ్రెంచి భాష తొలిసారి కాగితం మీద కళ్లు తెరిచింది అప్పుడే. ఆరేళ్లు తిరిగేసరికి, 848లో, మా అద్దంకిలో పండరంగని శాసనం తెలుగు తరువోజలో పలికింది. సిపాయిలకు అర్థం కావాలని అక్కడ, సేనాని కీర్తి జనానికి చేరాలని ఇక్కడ, దేశి నుడులు ఒకే పదేళ్లలో పెద్ద భాషల నీడ నుంచి ఎండలోకి వచ్చాయి. 843లో వెర్డున్ ఒప్పందంతో మీ రాజ్యం మూడు ముక్కలైంది. పడమటి ముక్క ఫ్రాన్సు దారి పట్టింది, తూర్పు ముక్క జర్మనీ దారి పట్టింది, నడిమి ముక్క కోసం వాళ్లిద్దరూ 20వ శతాబ్దం దాకా కొట్టుకున్నారు. 1957లో ఆరు దేశాలు కూర్చుని ఇక చాలు, కలిసి వ్యాపారం చేసుకుందాం అని సంతకాలు పెట్టినప్పుడు, వాళ్ల పటం ఇంచుమించు మీ షార్లమేన్ పటమే.

ఆ అన్నదమ్ముల కొట్లాటలోనే దువోద అనే తల్లి ఉంది. భర్త పద్నాలుగేళ్ల పెద్దకొడుకు విలియమ్‌ను చార్లెస్ కొలువుకు జామీనుగా పంపాడు. పసివాడైన చిన్నకొడుకును, పేరు పెట్టకముందే తండ్రి తెప్పించుకున్నాడు. దక్షిణాన ఉజెస్‌లో ఒంటరిగా ఉండిపోయిన ఆ తల్లి 841లో కలం పట్టింది. ఏడాదికి పైగా కొడుక్కి ఒక పుస్తకం రాసింది. ఎలా ప్రార్థించాలి, పెద్దల దగ్గర ఎలా మెలగాలి, ఏం చదవాలి, తమ్ముడు పెద్దవాడయ్యాక ఈ పుస్తకం వాడికెలా చూపించాలి, తన అప్పులు ఎలా తీర్చాలి, అన్నీ చెప్పింది. రాజులు రాజ్యాన్ని చీలుస్తున్న వేళ ఆమె కొడుకులిద్దరినీ ఒక పుస్తకంతో కలిపి కుట్టాలనుకుంది. విలియమ్‌ను 850లో చంపేశారు. పుస్తకం ఉంది.

ఆ విలియమ్ పేరు ఆగలేదు. 1066లో నార్మండీ విలియమ్‌తో కలిసి ఇంగ్లండులో దిగి, మీ పేర్లన్నీ అక్కడ ఇంటి పేర్లకంటే దగ్గరివయ్యాయి. రాబర్ట్, రిచర్డ్, హెన్రీ. తూర్పు దిక్కున సిలువ యుద్ధాల దుమ్ములో అరబ్బులు పడమటివాళ్లందరినీ మీ పేరుతోనే పిలిచారు. పారశీకం మీదుగా అది దక్కను చేరి మా నోట పరంగి అయింది. ఇక వచ్చింది మా ఊరి వంతు.

18వ శతాబ్దం చివర నిజాం కొలువులో రేమండ్ అనే ఫ్రెంచి సేనాని ఉండేవాడు. 14 వేల దాకా సిపాయిలను తీర్చిదిద్దాడు, ఫిరంగులు పోయించాడు. హిందువులు మూసా రాం అన్నారు, ముసల్మానులు మూసా రహీం అన్నారు. 1798 మార్చిలో పోయాడు. మూసారాంబాగ్ పేరులో ఇప్పటికీ ఉన్నాడు. అదే ఏడు గవర్నర్ జనరల్ రిచర్డ్ వెల్లెస్లీ నిజాంతో సంధి చేసుకున్నాడు. అక్టోబరులో ఆ ఫ్రెంచి దండు ఆయుధాలు కింద పెట్టింది. దాని చోటులో కుంపిణీ దండు వచ్చి హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన గుడారాలు వేసింది. 1806లో ఆ విడిదికి నిజాం సికందర్ జా పేరు పెట్టారు. అదే సికింద్రాబాద్. ఇటు రేమండ్, అటు రిచర్డ్. పేర్లు చూస్తే రెండు పక్కలా మీ మనవలే, ఫ్రాంకులారా. వెర్డున్‌లో మొదలైన పంపకాల తగాదా అల్వాల్ దాకా నడిచొచ్చి మాకు ఒక ఊరును పెట్టి పోయింది.

దండు వెంట మీ సామానంతా దిగింది. ఫ్రాంకు రాజుల సమాధులున్న సెయింట్ డెనిస్ మఠంలో 1144లో సూజే అనే మఠాధిపతి మొనదేలిన కమానులతో, రంగు గాజులతో వెలుగుకు ఇల్లు కట్టాడు. ఆ పోకడ 1850 నాటికి మా సెయింట్ మేరీస్ చర్చి గోపురాలుగా లేచింది. సాగరానికి ఆవల 1591 నుంచి చార్మినార్ పారశీకపు మొన కమానులతో నిలబడే ఉంది. ఈవల మీ కమాను, ఆవల దాని దాయాది. మీ మఠాల్లో 9వ శతాబ్దంలో పాట ఎక్కడ లేస్తుందో, ఎక్కడ దిగుతుందో చూపించడానికి మాటల మీద పెట్టిన చిన్న చిన్న గీతల నుంచి పెరిగిన స్వరలిపి, పరేడ్ గ్రౌండ్‌లో బ్యాండు మేళానికి దారి చూపింది. ఆదివారం ఆ చర్చిల్లో అదే గోడల మధ్య మావాళ్లు రాగం కట్టిన తెలుగు కీర్తనలు పాడుకుంటారు. మీరు పంపింది మేం ఉన్నదున్నట్టు ఉంచుకోలేదు. మాకు పనికొచ్చేట్టు దిద్దుకున్నాం. మీరు రోమును దిద్దుకున్నట్టే.

మీ చార్లెస్ పేరు మోసిన ఇంకొకాయన సంగతి చెప్పకపోతే తెలుగువాడి స్తుతి నిండదు. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. 1798లోనే పుట్టాడు. కడపలో, మచిలీపట్నంలో, రాజమండ్రిలో కుంపిణీ కొలువు చేస్తూ, పురుగులు తింటున్న తాటాకు ప్రతులు పోగుచేశాడు. తెలుగు పండితులకు జీతాలిచ్చి కూర్చోబెట్టాడు. పది ప్రతులు పక్కపక్కన పెట్టించి పాఠాలు పోల్చాడు, శుద్ధప్రతులు రాయించాడు, 1829లో వేమనను అచ్చు వేయించాడు, నిఘంటువు కట్టాడు. వెయ్యేళ్ల కిందట పెద్ద చార్లెస్ లాటిన్‌కు చేయించిన చాకిరీనే ఈ చార్లెస్ తెలుగుకు చేయించాడు. ఇద్దరి దగ్గరా దిద్దిన చేతులు వేరేవాళ్లవి, కొలువు పుస్తకాల్లో అంతగా పేరెక్కనివాళ్లవి.

ఫ్రాంకులారా, చక్రవర్తుల పేరుతో మిమ్మల్ని పొగిడేవాళ్లకు కొదవ లేదు. నా పాట ఆ పేరెక్కనివాళ్లకు. కోర్బీ మఠంలో పాదం వదలని లేఖకుడికి, కొడుక్కి పుస్తకం రాసిన దువోదకు, పాట జారకుండా గీత పెట్టిన సన్యాసికి. మీ దగ్గర నేర్చుకోవలసింది ఏదైనా ఉంటే ఇదే. రాజ్యం ఎంత దూరం పాకిందన్నది ఒక తరం గొప్ప. ఏ పుస్తకం తప్పుల్లేకుండా పిల్లల చేతికి అందిందన్నది వెయ్యేళ్ల గొప్ప. మా తాటాకులు ఇంకా పెట్టెల్లో పురుగుల పాలవుతున్నాయి. మా శాసనాలు పొలాల గట్ల మీద బట్టలుతికే బండలవుతున్నాయి. మీ ఆజ్ఞ మాకూ వర్తిస్తుంది: బడి పెట్టండి, ప్రతులు వెతకండి, పోల్చి చూడండి, తప్పులు సరిచేయండి, పదిమందికి ఇవ్వండి. ఆ పనికి చక్రవర్తి అక్కర్లేదని మీ చక్రవర్తే రుజువు చేశాడు. తనకు రాకపోయినా జరిగింది కదా.